డిస్కులో జాగా ఉంది, ఐనోడ్ లేదు: నడుస్తున్న సర్వర్‌కు ఫైల్ సిస్టమ్ మార్చడం

పొద్దున ఆరుంపావుకు ఫోను మోగింది. హిమాయత్‌నగర్ వైపు ఒక చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్‌కు నేను సర్వర్లు చూసిపెడుతుంటాను. అక్కడి టెక్నీషియన్ గొంతులో టెన్షన్. "అన్నా, రిపోర్టులు సేవ్ అయితలేవు. డిస్కుల జాగా లేదంటుంది." పరగడుపున రక్తం ఇవ్వాల్సినవాళ్లు అప్పటికే వచ్చి కుర్చీల్లో కూర్చున్నారట. ఇంటి నుంచే లాగిన్ అయి చూశాను. రిపోర్టులు ఉండే పార్టిషన్ 100 జీబీ. వాడింది 60 జీబీ. ఇంకా ముప్ఫై జీబీకి పైగా ఖాళీ కనిపిస్తోంది. కానీ ఒక్క అక్షరం కూడా లేని ఉత్త ఫైలు పెట్టబోయినా "డివైస్‌లో చోటు మిగల్లేదు" అనే ఎర్రరే వస్తోంది.

డీఎఫ్ అనే కమాండ్‌ను రెండు రకాలుగా అడగొచ్చు. మామూలుగా అడిగితే ఎన్ని జీబీలు మిగిలాయో చెబుతుంది. మైనస్ ఐ చేర్చి అడిగితే ఎన్ని ఐనోడ్లు, అంటే ఫైలుకొకటి చొప్పున కావాల్సిన రికార్డులు, మిగిలాయో చెబుతుంది. రెండోది అడగ్గానే సంగతి బయటపడింది. మొత్తం ఐనోడ్లు 65,53,600. మిగిలింది సున్నా. ఎనలైజర్ మెషీన్లు ఒక్కో పరీక్షకు నాలుగు కేబీ, ఎనిమిది కేబీ ఉండే చిన్న చిన్న ఫైళ్లు రాసుకుంటూ పోయాయి. ఏళ్ల తరబడి అవి అరవై ఐదు లక్షల దాకా పోగయ్యాయి.

ఆ పూటకు గండం గడిచింది. మెషీన్లు వదిలేసిన టెంపరరీ ఫైళ్లు లక్షన్నర దాకా ఉన్నాయి. వాటిని తీసేయగానే రిపోర్టులు మళ్లీ సేవ్ కావడం మొదలైంది. కానీ ఆ లక్షన్నర ఎన్నాళ్లు వస్తుంది? ఈ పార్టిషన్‌ను వేరే ఫైల్ సిస్టమ్‌లోకి మార్చక తప్పదని ఆ రోజే తేలిపోయింది. ల్యాబ్ మాత్రం రోజూ తెరిచే ఉండాలి. అందుకని ఇలాంటి పనిలో ఏది సర్వర్ నడుస్తుండగానే చేయొచ్చు, ఏది కాసేపైనా ఆపి చేయాలి అన్నది ముందుగా విడదీసుకోవాలి. టెక్నికల్ కష్టం కన్నా ఈ విడదీయడమే అసలు పని అని నా నమ్మకం.

హద్దురాళ్లు వేరు, పాసుపుస్తకాలు వేరు

పార్టిషన్ అన్నా ఫైల్ సిస్టమ్ అన్నా ఒకటేనని చాలామంది అనుకుంటారు. పొలం లెక్కన చూస్తే తేడా తెలుస్తుంది. పార్టిషన్ అంటే హద్దురాళ్లు పాతిన కమతం. ఇక్కడి నుంచి ఇక్కడిదాకా అని చెప్పడమే దాని పని. ఆ కమతంలో ఏ ముక్క ఎవరిదో రాసిపెట్టే రికార్డు పద్ధతి ఫైల్ సిస్టమ్. ఒక్కో ఫైలుకు ఒక్కో పాసుపుస్తకం ఉంటుంది. అదే ఐనోడ్. యజమాని ఎవరు, చదివే హక్కు ఎవరికి, సైజు ఎంత, చివరిసారి ఎప్పుడు మారింది, డేటా ఏయే బ్లాకుల్లో ఉంది, ఇవన్నీ అందులోనే రాసి ఉంటాయి. ఫైలు పేరు మాత్రం అందులో ఉండదు. పేర్లుండేది డైరెక్టరీలో. ఈ పేరుకు ఈ నంబరు ఐనోడ్ అని రాసుకున్న జాబితానే డైరెక్టరీ. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు బాగా పనికొస్తుంది.

ల్యాబ్ పార్టిషన్‌లో ఉన్నది లైనక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్. అందులో పాసుపుస్తకాలన్నీ ఫార్మాట్ చేసిన రోజే అచ్చు వేసి పెట్టేస్తారు. మామూలు సెట్టింగుల్లో 16 కేబీలకు ఒకటి. 100 జీబీని 16 కేబీతో భాగిస్తే సరిగ్గా 65,53,600 వస్తుంది. ఫైళ్ల సగటు సైజు 16 కేబీ కన్నా ఎక్కువ ఉన్నంతకాలం జీబీలే ముందు నిండుతాయి, ఐనోడ్ల ఊసే రాదు. సగటు అంతకన్నా బాగా తగ్గితే భూమి మిగిలుండగానే పాసుపుస్తకాలు అయిపోతాయి. ల్యాబ్‌లో జరిగింది అదే. ఒకసారి ఫార్మాట్ చేశాక ఈ లెక్క మార్చడానికి వీల్లేదు. పార్టిషన్‌ను పెద్దది చేస్తే పెరిగిన మేరకు కొత్త ఐనోడ్లు వస్తాయి. ఉన్న జాగాలో మాత్రం ఒక్కటి కూడా పెరగదు.

లైనక్స్‌లోనే ఉన్న ఇంకో ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ఎఫ్‌ఎస్ పద్ధతి వేరు. అది ఐనోడ్లను అవసరం వచ్చినప్పుడు అప్పటికప్పుడు కేటాయించుకుంటుంది. అందుకే దాన్ని ఎంచుకున్నాను. ఈఎక్స్‌టీ4నే 4 కేబీకి ఒక ఐనోడ్ చొప్పున మళ్లీ ఫార్మాట్ చేసినా గడిచేది. కానీ ఆ అంకె కూడా మన ఊహే. రేపు ఇంకో మెషీన్ వచ్చి ఇంకో రకంగా ఫైళ్లు రాస్తే మళ్లీ ఇదే కథ. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌తో ఒక షరతు మాత్రం ముందే ఒప్పుకోవాలి. దాన్ని పెంచగలం, కుదించలేం. ఈఎక్స్‌టీ4నైతే అన్‌మౌంట్ చేసి, అంటే సిస్టమ్ నుంచి విడదీసి, కుదించుకోవచ్చు. కాబట్టి ఎక్స్‌ఎఫ్‌ఎస్ వేసేటప్పుడు డిస్కు మొత్తం ఒకేసారి ఇచ్చేయకండి. సైజును తర్వాత మార్చుకోనిచ్చే ఎల్‌వీఎమ్ మీద చిన్నగా మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పెంచుకుంటూ పోవడం మేలు. పెంచడం మౌంట్ అయి ఉండగానే, అంటే వాడుకలో ఉండగానే, జరిగిపోతుంది.

బాగా నడుస్తున్న ఈఎక్స్‌టీ4ను కొత్తదనం కోసం మార్చకండి. మార్చాల్సినంత గట్టి కారణాలు నాకు తెలిసి కొన్నే. ఒకటి ఈ ఐనోడ్ల కరువు. రెండోది పాత ఫైల్ సిస్టమ్‌కు లైనక్స్ కెర్నల్ (సిస్టమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్) మద్దతు ఆగిపోవడం. రైజర్‌ఎఫ్‌ఎస్ అనే పాతదానికి 2022లోనే వీడ్కోలు నోటీసు ఇచ్చారు. 2025 జనవరిలో వచ్చిన లైనక్స్ 6.13 నుంచి దాన్ని పూర్తిగా తీసేశారు. అలాంటి డిస్కు ఇంకా నడుస్తుంటే కెర్నల్ అప్‌గ్రేడ్‌కు ముందే డేటా బయటికి తెచ్చుకోవాలి. మూడోది 2038. ఈఎక్స్‌టీ3 కాలంలో 128 బైట్ల ఐనోడ్లతో ఫార్మాట్ చేసిన డిస్కుల్లో తేదీలు 2038 జనవరి 19న మన టైములో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్ల దాకానే పడతాయి. ఇప్పుడు మామూలుగా వచ్చే 256 బైట్ల ఐనోడ్లకు ఆ ఇబ్బంది లేదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ పాత నాలుగో ఫార్మాట్‌కు కూడా ఇదే చిక్కు ఉంది. దానికి మద్దతు 2030 సెప్టెంబరులో తీసేస్తామని కెర్నల్ డాక్యుమెంట్లలోనే రాసి ఉంది.

ఉన్నచోటే మార్చలేమా?

ల్యాబ్ డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. కొత్త డిస్కు ఖర్చు ఎందుకు, ఉన్నదాన్నే మార్చలేమా అని. న్యాయమైన ప్రశ్నే. ఒకే కుటుంబంలోనైతే మార్చొచ్చు. ఈఎక్స్‌టీ2కు జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) జతచేస్తే ఈఎక్స్‌టీ3 అవుతుంది. ఈఎక్స్‌టీ3లో కొన్ని సదుపాయాలు ఆన్ చేస్తే ఈఎక్స్‌టీ4గా నడుస్తుంది. కానీ పాత ఫైళ్లు పాత పద్ధతిలోనే ఉండిపోతాయి, ఐనోడ్ల సంఖ్య, సైజు అసలే మారవు. కుటుంబం దాటి వెళ్లే దారుల్లో బాగా తెలిసినది ఈఎక్స్‌టీ4 నుంచి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌కు మార్చే టూల్. డేటా బ్లాకులను కదపకుండా ఖాళీ జాగాలో కొత్త రికార్డు రాస్తుంది. పాతదాని ప్రతిని పక్కన దాస్తుంది కాబట్టి వెనక్కి కూడా రావచ్చు. అయితే అది కూడా అన్‌మౌంట్ చేసిన డిస్కు మీదే నడుస్తుంది. నడుస్తున్న సర్వర్‌కు అది జవాబు కాదు.

ఈఎక్స్‌టీ4 నుంచి ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు నమ్మి వాడదగ్గ అలాంటి దారి నాకు తెలిసి లేదు. రెండూ డిస్కు మీద రికార్డు రాసుకునే తీరే వేరు. పక్కన ఇంకో జాగా తీసుకుని, ఫార్మాట్ చేసి, ఫైళ్లను ఒక్కొక్కటిగా అక్కడికి చేర్చాలి.

"ఒక్కొక్కటిగా" అన్నది ముఖ్యం. ఇక్కడ చాలామంది దారి తప్పుతారు. ఎల్‌వీఎమ్‌లో పీవీమూవ్ అనే కమాండ్ ఉంది కదా, సర్వర్ నడుస్తుండగానే డేటాను ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు జరుపుతుంది కదా అంటారు. నిజమే. ఒకే డేటాను రెండు డిస్కుల్లో ఉంచే రెయిడ్ మిర్రర్‌కు కొత్త డిస్కు తగిలించినా అంతే. కానీ ఇవన్నీ బ్లాకులను మోస్తాయి. ఏ బ్లాకులో ఏముందో వాటికి తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. పాత ఈఎక్స్‌టీ4 యథాతథంగా కొత్త డిస్కు మీదికి వచ్చి కూర్చుంటుంది, ఐనోడ్ల కరువుతో సహా. క్లౌడ్‌లో తీసే స్నాప్‌షాట్ (డిస్కు అప్పటి నకలు) కూడా ఇదే కోవ. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్‌కు హైదరాబాద్ రీజియన్ తెరిచాక ఇక్కడి చిన్న కంపెనీలు కూడా కొన్ని సర్వర్లను అటు మార్చుకున్నాయి. స్నాప్‌షాట్ నుంచి కొత్త వాల్యూమ్ చేస్తే ఫైల్ సిస్టమ్ మారిపోతుందనుకున్నవాళ్లు నాకు ఎదురయ్యారు. మారదు. హద్దురాళ్ల లోపలి మట్టినంతా తవ్వి వేరే చోట పోసినట్టు ఉంటుంది, రికార్డు అదే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి ఒక ఎస్‌ఎస్‌డీ తెచ్చాం. కొత్త డిస్కు తీసుకుంటే వేగం ఎలాగూ వస్తుంది. అంతకన్నా పెద్ద లాభం, పాత డిస్కును ముట్టుకోనక్కర్లేదు. పని ఏ దశలో చెడినా పాతది పాతదిలాగే ఉంటుంది.

ఏడు నిమిషాలా, ఇరవై రెండు గంటలా?

60 జీబీ కాపీకి ఎంతసేపు పడుతుంది? డిస్కు సెకనుకు 150 ఎంబీ చదువుతుందనుకుంటే 400 సెకన్లు. ఏడు నిమిషాలు కూడా కాదు. టెక్నీషియన్ ఈ లెక్కే వేసి "లంచ్ టైంల చేసేద్దాం అన్నా" అన్నాడు.

ఆ లెక్క ఒక పెద్ద సినిమా ఫైలుకు సరిపోతుంది. అరవై ఐదు లక్షల చిన్న ఫైళ్లకు సరిపోదు. పాత డిస్కు నిమిషానికి 7,200 సార్లు తిరిగే రకం. అంటే సెకనుకు 120 చుట్లు. కావలసిన చోటు డిస్కును చదివే తల కిందికి రావడానికి సగటున అరచుట్టు, అంటే నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. తల ఒక చోట నుంచి ఇంకో చోటికి జరగడానికి మరో ఎనిమిది. ఒక్కో ఫైలుకు పన్నెండు మిల్లీసెకన్లు వేసుకుంటే సెకనుకు ఎనభై ఫైళ్లు. అరవై ఐదు లక్షలను ఎనభైతో భాగిస్తే ఎనభై ఒక్క వేల సెకన్లు, అంటే ఇరవై రెండున్నర గంటలు. కెర్నల్ ముందుచూపుతో పక్క బ్లాకులను కూడా చదివిపెట్టుకుంటుంది కాబట్టి కొంత తగ్గొచ్చు. కానీ ఈఎక్స్‌టీ4 డైరెక్టరీలోని పేర్లను హ్యాష్ (పేరు నుంచి లెక్కగట్టిన అంకె) వరుసలో ఇస్తుంది. డిస్కు మీద ఐనోడ్లు ఉన్న వరుసకు, దానికి పొంతన ఉండదు. అందువల్ల తల అటూ ఇటూ పరుగెత్తడం ఎక్కువై టైము మళ్లీ పెరుగుతుంది. ఫైళ్ల సంఖ్య చూడకుండా జీబీలు మాత్రమే చూసి డౌన్‌టైమ్ (సర్వర్ ఆగే సమయం) ఇంతేనని మాటిచ్చినవాళ్లు తెల్లారేసరికి ఇరుక్కుంటారు.

ఇరవై రెండు గంటలు ల్యాబ్ మూసే ప్రశ్నే లేదు. కాబట్టి కాపీ నడుస్తుండగానే జరగాలి. ఆ కాపీ జరుగుతుండగా ఫైళ్లు మారుతూనే ఉంటాయి. ఇందుకే ఆర్‌సింక్ అనే కాపీ టూల్. మొదటి విడతలో అంతా తెస్తుంది. రెండో విడతలో పాత, కొత్త ఫైళ్ల సైజు, తేదీ పోల్చి తేడా ఉన్నవే తెస్తుంది. ఒక్కో విడతకు తేడా తగ్గుతూ వస్తుంది. చివరి విడతకు మాత్రం రాతలు ఆపాలి. అప్పటికి మోయాల్సింది కొంచెమే ఉంటుంది.

ఆర్‌సింక్ ఆప్షన్లను ఎక్కడో చూసి అతికించకుండా ఒక్కోటి ఎందుకో తెలుసుకుని వాడాలి. ఇంగ్లిష్ చిన్నక్షరం ఏ ఇస్తే అన్నీ తెస్తుందని అనుకుంటారు. తేదు. హార్డ్ లింకులకు (ఒకే ఐనోడ్‌కు ఉన్న వేరు వేరు పేర్లు) పెద్ద హెచ్, మనిషి మనిషికీ విడిగా ఇచ్చే ఏసీఎల్ హక్కులకు పెద్ద ఏ, అదనపు గుణాలకు పెద్ద ఎక్స్ విడిగా ఇవ్వాలి. పెద్ద హెచ్ మరిచిపోతే ఒకే ఐనోడ్‌కు ఉన్న రెండు పేర్లు రెండు వేరు వేరు ఫైళ్లుగా మారి, జాగా రెట్టింపు తింటాయి. ఒక మెషీన్ నుంచి రెస్క్యూ సిస్టమ్ (యూఎస్‌బీ లాంటిదాని నుంచి నడిపే తాత్కాలిక లైనక్స్) మీదున్న ఇంకో మెషీన్‌కు కాపీ చేసేటప్పుడు యూజర్ పేర్ల బదులు నంబర్లే ఉంచమని చెప్పాలి. లేకపోతే ఆ సిస్టమ్‌లోని పేర్లతో సరిపోల్చి యజమానులను మార్చేసే ప్రమాదం ఉంది. రెండో విడత నుంచి, మూలంలో తొలగిపోయిన ఫైళ్లను గమ్యంలోనూ తొలగించే డిలీట్ ఆప్షన్ కావాలి. అది ఇచ్చే ముందు డ్రై రన్ (ఏమీ మార్చకుండా ఉత్త రిహార్సల్) చేసి, ఏమేం తొలగిస్తానంటోందో కళ్లారా చదవండి. మూలం, గమ్యం తారుమారైతే ఆ ఒక్క ఆప్షన్ డేటాను తుడిచేస్తుంది. మూలం పేరు చివర స్లాష్ ఉందా లేదా అన్నదీ చూడండి. ఉంటే లోపలి ఫైళ్లు వస్తాయి, లేకపోతే డైరెక్టరీ లోపల ఇంకో డైరెక్టరీ పుడుతుంది.

డేటాబేస్ ఫైళ్లకు ఈ పద్ధతి పనికిరాదు. పోస్ట్‌గ్రెస్ గానీ మరియాడీబీ గానీ నడుస్తుండగా వాటి ఫైళ్లను కాపీ చేస్తే, మొదటి సగం పది గంటలప్పటిది, రెండో సగం పదీ ఐదప్పటిది వస్తుంది. ఆ రెండు సగాలు ఒకదానితో ఒకటి పొసగవు. డేటాబేస్‌కు దాని సొంత దారులున్నాయి. డంప్ (మొత్తం డేటా ఎగుమతి) తీయడం, రెప్లికా (వెంటవెంటనే మారే జంట డేటాబేస్) పెట్టుకోవడం, లేదా ఆపి కాపీ చేయడం. అదృష్టవశాత్తూ ల్యాబ్ బిల్లింగ్ డేటాబేస్ వేరే పార్టిషన్‌లో ఉంది. దాని జోలికి వెళ్లాల్సిన అవసరం రాలేదు.

పట్టు వదలని ప్రోగ్రామ్

కొన్నేళ్ల కింద ఇంకో చోట ఇలాంటి పనే చేశాను. కాపీ అంతా సరిగా అయింది. కొత్త పార్టిషన్‌ను పాతదాని మీదే అదే డైరెక్టరీకి మౌంట్ చేశాను. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండ్ కొడితే ఫైళ్లన్నీ కనిపించాయి, అప్లికేషన్ పనిచేస్తోంది. ఇంటికి వెళ్లిపోయాను. మూడో రోజు ఎవరో ఆ సర్వీసును రీస్టార్ట్ చేశారు. అంతే, రెండు రోజుల ఎంట్రీలు కనిపించకుండా పోయాయి.

ఎందుకంటే ప్రోగ్రామ్ ఫైలును పేరుతో తెరుస్తుంది కానీ, తెరిచాక పేరుతో పని ఉండదు. కెర్నల్ దాన్ని నేరుగా ఐనోడ్‌కు కట్టేస్తుంది. డైరెక్టరీ మీద కొత్త డిస్కును మౌంట్ చేసినప్పుడు మారింది పేర్ల దారి మాత్రమే. అప్పటికే ఫైలు తెరిచి కూర్చున్న ప్రోగ్రామ్ పాత డిస్కు మీది పాత ఐనోడ్‌లోకే రాస్తూ పోయింది. కొత్తగా వచ్చి చూసేవాళ్లకు కొత్త డిస్కు కనిపిస్తోంది, ఆ ప్రోగ్రామ్‌కు పాతది కనిపిస్తోంది. రెండూ ఒకే పేరుతో. రీస్టార్ట్ కాగానే అది పేరు పట్టుకుని మళ్లీ తెరిచింది, ఈసారి కొత్త డిస్కుకు వచ్చింది. రెండు రోజుల డేటా కింద దాగిన పాత డిస్కులో భద్రంగానే ఉంది. దాన్ని కొత్తదానితో కలపడానికి ఒక రాత్రంతా పట్టింది. తప్పు నాదే. సర్వీసు ఆపకుండా మౌంట్ మార్చాను.

ఆ తర్వాత నుంచి ఒక పని తప్పకుండా చేస్తున్నాను. చివరి విడతకు ముందు పాత పార్టిషన్‌ను రీడ్ ఓన్లీగా (చదవడానికి మాత్రమే) రీమౌంట్ చేస్తాను. రాయడానికి తెరిచిన ఫైలు ఒక్కటి ఉన్నా కెర్నల్ ఒప్పుకోదు, బిజీ అని తిప్పికొడుతుంది. అప్పుడు ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌తో ఎవరు పట్టుకున్నారో వెతికి ఆపుతాను. రీమౌంట్ ఒప్పుకుందంటే ఇక పాత డిస్కులోకి ఒక్క అక్షరం కూడా వెళ్లదని కెర్నలే హామీ ఇచ్చినట్టు. అంతేకాదు, రిపోర్టులు చదవడం మాత్రం ఆగదు. కొత్తవి రాయలేరు కానీ, పాతవి చూడొచ్చు, ప్రింట్ తీయొచ్చు. డౌన్‌టైమ్ అని మనం ఒకే మాట వాడతాం గానీ అందులో చాలా భాగాన్ని ఇలా "చదవొచ్చు, రాయొద్దు" అన్న స్థితిలోకి మార్చుకోవచ్చు.

అన్‌మౌంట్ బిజీ అంటే మైనస్ ఎల్ కొట్టి వదిలించుకోమని కొందరు సలహా ఇస్తారు. ఇలాంటి పనిలో వద్దు. అది పేరును మాత్రమే తీసేస్తుంది. పట్టుకున్న ప్రోగ్రామ్ పట్టుకునే ఉంటుంది, మీకు కనిపించడం మాత్రం మానేస్తుంది. నేను పైన చెప్పిన పొరపాటే మళ్లీ, ఈసారి మరింత లోతున.

శనివారం రాత్రి

మొదటి విడత బుధవారం రాత్రి పది గంటలకు మొదలుపెట్టాను. డిస్కు దగ్గర దాని వంతు చివరికి వచ్చేలా అయోనైస్ కమాండ్ పెట్టాను, లేకపోతే ఉదయం రిపోర్టులు తెరుచుకోవడానికి నత్తనడక అవుతుంది. గురువారం రాత్రికి పూర్తయింది. శుక్రవారం రాత్రి రెండో విడత. ఇందులో కొత్త ఫైళ్లు కొన్ని వేలే. అయినా ప్రతి ఫైలు సైజు, తేదీ చూడాలి కాబట్టి రెండు గంటలకు పైగా తీసుకుంది. ఇది చాలామంది మరిచిపోయే సంగతి. తేడా చిన్నదైనా వెతకడం చిన్నది కాదు.

శనివారం రాత్రి పదిన్నరకు ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఎంట్రీలు ఆపి, పాత పార్టిషన్‌ను రీడ్ ఓన్లీ చేశాను. మొదట బిజీ అంది. చూస్తే రాత్రి బ్యాకప్ స్క్రిప్ట్ ఒక లాగ్ ఫైలు తెరిచి పెట్టింది. దాన్ని ఆపాక ఒప్పుకుంది. చివరి విడతకు మళ్లీ రెండు గంటలు. ఆ రెండు గంటలూ రిపోర్టులు చూడటం జరుగుతూనే ఉంది. తర్వాత సరిచూడటం. సైజులు కూడి చెప్పే డీయూ కమాండ్‌తో మొత్తం సైజులు పోల్చి కంగారు పడొద్దు. రెండు ఫైల్ సిస్టమ్‌లు డైరెక్టరీలకు జాగా లెక్కవేసే తీరు వేరు, పైగా ఈఎక్స్‌టీ4లో లాస్ట్ అండ్ ఫౌండ్ అనే డైరెక్టరీ అదనంగా ఉంటుంది. ఫైళ్ల సంఖ్య పోల్చాను. గత రెండు నెలల డైరెక్టరీల మీద చెక్‌సమ్‌తో (ఫైలు లోపలి డేటా నుంచి లెక్కగట్టే అంకె) మరోసారి ఆర్‌సింక్ డ్రై రన్ చేశాను. సైజు, తేదీ రెండూ కలిసినా లోపలి అక్షరాలు వేరుగా ఉండే అవకాశాన్ని చెక్‌సమ్ ఒక్కటే పట్టుకుంటుంది.

నిజంగా ఏమీ పనిచేయని సమయం ఆ తర్వాతే వచ్చింది. సర్వీసులన్నీ ఆపడం, పాతదాన్ని అన్‌మౌంట్ చేయడం, ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో పాత యూయూఐడీ (ఫైల్ సిస్టమ్ గుర్తింపు నంబరు), పాత ఫైల్ సిస్టమ్ పేరు తీసి కొత్తవి రాయడం, మౌంట్ చేయడం, సర్వీసులు ఎక్కించడం. ఆరు నిమిషాలు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మార్చాక దాన్ని ఫైండ్‌మౌంట్ కమాండ్‌తో వెరిఫై చేసి, ఆ రాత్రే ఒకసారి రీబూట్ కూడా చేశాను. ఆ ఫైలులో ఒక్క అక్షరం తప్పితే సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. అది మనం సిద్ధంగా ఉన్న రాత్రి బయటపడాలి గానీ, మే నెలలో గాలివానకు కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నం కాదు.

రూట్ పార్టిషన్ సంగతి

డేటా పార్టిషన్‌తో పోలిస్తే, ఆపరేటింగ్ సిస్టమే ఉండే రూట్ పార్టిషన్ మార్చడం చాలా తేడా. దాన్ని పట్టుకున్న ప్రోగ్రామ్‌లను ఆపడమంటే సర్వర్‌నే ఆపడం. నడుస్తుండగానే కాపీ మొదటి విడతలు చేసుకోవచ్చు, చిన్న ఎక్స్ ఆప్షన్ ఇస్తే ప్రాక్, సిస్ లాంటి కెర్నల్ డైరెక్టరీలు రాకుండా ఉంటాయి. చివరి విడత మాత్రం రెస్క్యూ యూఎస్‌బీ నుంచి బూట్ అయి చేయాలి. తర్వాత కొత్త రూట్‌లోకి సీహెచ్‌రూట్ అయి (దాన్నే రూట్‌గా చేసుకుని లోపలికి వెళ్లి), ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారుచేయాలి. బూట్ మొదట్లో కెర్నల్‌కు దొరికేది ఆ చిన్న మూట ఒక్కటే. అందులో ఎక్స్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ లేకపోతే రూట్ డిస్కు కళ్ల ముందున్నా చదవలేదు. సర్వర్‌ను బూట్ చేసే గ్రబ్ అనే ప్రోగ్రామ్ కాన్ఫిగరేషన్‌లో పాత యూయూఐడీ మారాలి. రెడ్‌హ్యాట్ కుటుంబం లైనక్స్‌లలో ఎస్‌ఈలైనక్స్ అనే భద్రతా వ్యవస్థ లేబుళ్లు రాకపోతే లాగిన్ కూడా కాలేరు. బూట్ డైరెక్టరీని విడిగా ఈఎక్స్‌టీ4లోనే ఉంచేయమంటాను, ఎందుకంటే ఎక్స్‌ఎఫ్‌ఎస్ కొత్త సదుపాయాలను పాత గ్రబ్ చదవలేదు.

సర్వర్ ఆపకుండానే రూట్‌ను మార్చే పద్ధతులు ఉన్నాయి. తెలిసినవాళ్లు చేస్తారు. చిన్న సంస్థలకు నేను చెప్పేది ఒకటే. పక్కన కొత్త మెషీన్ మీద కొత్త ఇన్‌స్టలేషన్ చేసి, డేటాను మాత్రం పైన చెప్పిన పద్ధతిలో తెచ్చుకోండి. రూట్‌లో ఉండేది ఎక్కువగా మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోగల సరుకే.

వెనక్కి దారి ఎన్నాళ్లు?

పాత డిస్కు ఉంది కాబట్టి ఎప్పుడైనా వెనక్కి వెళ్లొచ్చు అనిపిస్తుంది. ఆ దారి ఆదివారం ఉదయం మొదటి రిపోర్టు సేవ్ అయ్యేదాకే సాఫీగా ఉంటుంది. ఆ తర్వాత రాసినవన్నీ కొత్త డిస్కులోనే ఉంటాయి. వెనక్కి వెళ్లాలంటే వాటిని పాతదానికి తిరిగి ఆర్‌సింక్ చేయాలి, దానిలో ఐనోడ్లు మిగిలుండాలి. అందుకే వెనక్కి వెళ్లాలా వద్దా అన్నది ఆ రాత్రే, రీబూట్ అయ్యాక, సర్వీసులన్నీ ఒకసారి పరీక్షించి తేల్చుకోవాలి. రెండు వారాలు పాత డిస్కును రీడ్ ఓన్లీగానే ఉంచి, ఎవరైనా పాత రిపోర్టు దొరకలేదంటే అందులో వెతకడానికి వాడాం. ఒక్క ఫిర్యాదూ రాలేదు. తర్వాత దాన్ని తీసి, మీద తేదీ రాసి, డాక్టరు గారి బీరువాలో పెట్టించాను.

ఆ ఆదివారమే నేను చూసే మిగతా సర్వర్లన్నింటిలోనూ డీఎఫ్ మైనస్ ఐ కొట్టి చూశాను. ఒకచోట జీబీలు సగమే నిండాయి, ఐనోడ్లు 91 శాతానికి వచ్చాయి. ఐనోడ్లు 80 శాతం దాటితే మెసేజ్ వచ్చేలా అన్నిచోట్లా పెట్టాను. ఆ 91 శాతం ఆఫీసు వాళ్లు సంక్రాంతికి నాలుగు రోజులు ఊళ్లకు వెళ్తారు. కొత్త డిస్కు ఇప్పుడే తెచ్చుకుని, మొదటి విడత భోగికి వారం ముందు మొదలుపెడదామని వాళ్లకు చెప్పాను.